మెడ మీది నీలి మచ్చ

మూడొందల డొల్లల్లో నూట నలభై పూర్తయ్యేసరికి వెండెల్ పికప్ వచ్చి ధాన్యం గోదాము వెనక ఆగింది. ఆర్లిస్ తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ఇత్తడి డొల్లను కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూసి, మూతిలోంచి లోపలికి చూసింది. అడుగున ఉన్న చిల్లిలోంచి గుండుసూది తలంత వెలుతురు కనిపించింది. డొల్లను కుడివైపు చెక్క పలకలో నిలబెట్టి ఇంకోటి అందుకుంది.

కొత్త తూటా డొల్లల్లో వచ్చినవి వచ్చినట్టే మందు పోసేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. సంచీలో ఒకదానికొకటి కొట్టుకుని వాటి మూతులు సొట్టలు పడి ఉంటాయి. క్యాపు నిప్పు మందుకు అందడానికి అడుగున పొడిచిన చిల్లికి లోపలివైపు ఇత్తడి పొర రేగి ఉంటుంది. ఎప్పుడో ఒకదానికి అసలు చిల్లే ఉండదు. ఆర్లిస్ ఒక్కోదాని మూతిలో నున్నటి ఉక్కు కడ్డీ దించి సొట్ట తీస్తుంది. అన్నిటినీ ఒకే పొడుగుకు కోస్తుంది. కోసిన అంచును లోపలా బయటా గీకుతుంది. వేలు పెడితే గరుకు తగలకూడదు, అలాగని అంచు కత్తిలా పల్చబడనూ కూడదు. ఆఖర్న సన్నటి బరమా లోపలికి పోనిచ్చి చిల్లి దగ్గర రేగిన పొరను మూడు తిప్పుల్లో తీసేస్తుంది.

ఒక్క పని మాత్రం చేయదు. కొత్త డొల్లలను తోమదు. మూతి కింద ఉండే మెడ మెత్తబడడానికి కార్ఖానాలో మంట చూపించినప్పుడు మెడ మీద ఒక నీలి మచ్చ పడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని మురికి అనుకుని తోమేస్తారు. ఆర్లిస్ ఆ మచ్చ చూసి, మంట సరిగ్గా తగిలిందని తెలుసుకుని తృప్తిగా పక్కన పెడుతుంది.

"వదినా, కాఫీ ఉందా?" అంటూ వెండెల్ లోపలికి వచ్చాడు. రెండేళ్ళ కిందట పోయిన ఆమె భర్త మిల్టన్‌కు తమ్ముడు. కార్విక్ రైఫిల్ క్లబ్బుకు కార్యదర్శి. ఊళ్ళో వాళ్ళందరి కన్నా బాగా కాల్చేవాడు కూడా, ఆ మాట ఎవరూ కాదనరు.

"ఫ్లాస్కులో ఉంది. కప్పు నువ్వే కడుక్కో."

అతను కప్పు కడగలేదు, కాఫీ పోసుకోలేదు. చంకలోంచి ఒక ప్లాస్టిక్ సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. బోలు తల ఉన్న సుత్తి అది. అందులో తూటా బిగించి దుంగకేసి నాలుగు దెబ్బలు కొడితే గుండు, మందు ఊడి ఆ బోలులో పడతాయి.

"శనివారం సాయంత్రం పట్టుకెళ్ళానుగా. ఇదిగో."

"పాత జింకల వేట తూటాలన్నీ ఊడదీశావా?"

"ఆఁ, ఏవో కొన్ని." టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "శనివారం పోటీ సంగతి వినే ఉంటావు."

"బెల్డెన్ జట్టు చేతిలో ఓడిపోయారట."

"ఓడిపోయామంటే ఎందుకు ఓడిపోయాం వదినా? నావి రెండు పేలలేదు. క్యాపు టప్పుమంది, గుండు కదల్లేదు. ఆరొందల గజాల దగ్గర రెండు సున్నాలు. బెల్డెన్ వాళ్ళు వెనకాల నిలబడి నవ్వుతున్నారు."

ఆర్లిస్ చేతిలో బరమా ఆగింది. "విప్పి చూశారా?"

"ప్రెసిడెంట్ గారల్డ్ గారు ఆ తూటాల పెట్టె తీసుకుని తన కొట్టులో పెట్టారు. చూడాల్సిందేముంది అన్నారు. డొల్లల తయారీలోనే తేడా వచ్చిందన్నారు. చిల్లులు..." అతను కిటికీ వైపు చూశాడు. "నీ కళ్ళకు మునుపట్లా ఆనట్లేదేమో అని."

"మందు పోసింది నువ్వు. గుండు ఎక్కించింది నువ్వు."

"పోసింది నీ డొల్లల్లోనేగా వదినా."

 వెండెల్ అసలు సంగతికి వచ్చాడు. "వచ్చే గురువారం మీటింగులో ఈ గది తాళంచెవి తిరిగి ఇచ్చేయమన్నారు. అన్నయ్య ఉన్నప్పుడు వేరు. ఆయన చూసుకునేవాడు."

పికప్ వెళ్ళిపోయింది. ఆర్లిస్ గోడ మీద పలక వైపు చూసింది. 'తూటాల పని: మిల్టన్ హౌగెన్' అని తెల్ల రంగుతో రాసి ఉంది. మిల్టన్ మంచివాడే. కానీ ఈ స్టూలు మీద పది నిమిషాలు కూర్చోమంటే ఒంటికి చీమలు పాకినట్టు లేచిపోయేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ బల్ల దగ్గర వంగింది ఎవరి నడుమో క్లబ్బులో తెలియనివాడు లేడు. అయినా పలక మీద ఆయన పేరే. ఆయన పోయి రెండేళ్ళయినా ఆయన పేరే. బాగున్నన్నాళ్ళూ పని మిల్టన్‌ది, తేడా వచ్చిన రోజున కళ్ళు ఆర్లిస్‌వి. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

అయినా నూట నలభై ఒకటో డొల్ల తీసి వెలుతురుకు పెట్టి చూసింది. చిల్లి కనిపించింది. స్పష్టంగా కనిపించింది.

మంగళవారం పొద్దున్నే గారల్డ్ కొట్టుకు వెళ్ళింది. దాణా, విత్తనాలు, కంచె తీగ, తుపాకి సరుకు అన్నీ ఒకే కప్పు కింద అమ్ముతాడాయన. డెబ్బై నాలుగేళ్ళు. పదిహేడేళ్ళుగా క్లబ్బుకు అధ్యక్షుడు. ఎవరినీ పరుషంగా ఒక మాట అనడని పేరు. ఆ మెత్తదనమే ఎదుటివాళ్ళకు ఊపిరాడకుండా చేస్తుంది.

"రామ్మా ఆర్లిస్. మొన్న చర్చి విందులో నువ్వు చేసిన రూబార్బ్ 'పై' తిన్నాను, చాలా బాగుంది."

"వెండెల్ పెట్టె మీ దగ్గరుందట. ఒకసారి ఇస్తారా? పేలని వాటిని విప్పి చూస్తాను."

"ఎందుకమ్మా నీకు శ్రమ? జరిగిందేదో జరిగింది. ఎవరూ నిన్నేమీ అనట్లేదు."

"అంటున్నారుగా. నాకు కళ్ళు ఆనట్లేదని."

"వయసు అందరికీ వస్తుంది. నేను మాత్రం అద్దాలు లేకుండా బిల్లు రాయగలనా?" నవ్వాడు. "క్లబ్బు పెట్టె క్లబ్బు సభ్యుల ముందే విప్పాలి. నువ్వు సభ్యురాలివి కాదు. సభ్యత్వం మిల్టన్ పేరు మీదుండేది. రూలు నేను రాసింది కాదమ్మా."

తూటాల డబ్బాలు చేరవేయడానికి, వేసవి ఎండలో గురి బోర్డులకు కాగితాలు అతికించడానికి, శీతాకాలమంతా వేళ్ళు పగిలేలా డొల్లలు గీకడానికి అడ్డు రాని రూలు, రెండు తూటాలు విప్పడానికి అడ్డొచ్చింది. ఆర్లిస్ అదే అనబోతుండగా చూపు పైకి మళ్ళింది. ఆయన తల వెనక గోడకు కౌంటీ పత్రిక అంటించి ఉంది. పోటీకి రెండు రోజుల ముందు తీసిన జట్టు ఫోటో, రంగుల్లో. మధ్యలో వెండెల్. అతని ముందు బల్ల మీద ఇరవై తూటాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ అడుగు నుంచి మూతి దాకా పెళ్ళి ఉంగరాల్లా మెరుస్తున్నాయి.

అన్నీ. మెడల దగ్గర కూడా.

ఆమె దగ్గరకు వెళ్ళి చూసింది. అద్దాలు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"బాగా వచ్చింది కదూ ఫోటో?" అన్నాడు గారల్డ్.

"బాగా వచ్చింది," అంది ఆర్లిస్.

గదికి వచ్చి తలుపు వేసుకుని, వెండెల్ తిరిగిచ్చిన సుత్తి చేతిలోకి తీసుకుంది. తల మూత విప్పి తెల్ల కాగితం మీద బోర్లించింది. మందు పలుకులు రెండు మూడు రాలాయి. వాటి వెనక ఇంకేదో అంటుకుని ఉంది. గుండుసూదితో గీకింది. ఎర్రటి రవ్వ ఉండ ఒకటి, శనగగింజ కన్నా చిన్నది, కాగితం మీద పడింది. నలిపి వాసన చూసింది. కార్లకు రుద్దే మైనం.

అక్రోట్ పెంకుల రవ్వ అది. ఎర్ర మెరుగు పొడి కలిపి సంచుల్లో అమ్ముతారు. అదురుడు యంత్రంలో ఆ రవ్వ పోసి పాత డొల్లలు వేస్తే మసి వదిలి మెరుస్తాయి. ఇంకా మెరవాలనే ఆత్రంతో కొందరు మైనం కూడా పోస్తారు. అది కలిసేదాకా ఆగకపోతే రవ్వ ఉండ కట్టి డొల్ల అడుగున కూరుకుపోతుంది. క్యాపు పేలినా నిప్పు మందును చేరదు. కొత్త డొల్లను ఆ యంత్రంలో వేయకూడదని ఈ గదిలోకి వచ్చిన ప్రతివాడికీ ఆమె చెప్పింది. వెండెల్‌కు మూడుసార్లు చెప్పింది.

ఫోటో కోసం తోమాడు. సరే, తెలివితక్కువ పని. ఎవరైనా చేస్తారు. కానీ ఈ ఉండ సుత్తిలోకి ఎలా వచ్చింది? పాత జింక తూటాలన్నాడు. శనివారం సాయంత్రం, ఓడిపోయి వచ్చిన రెండు గంటల్లో సుత్తి అడిగి పట్టుకెళ్ళాడు. తన దగ్గర మిగిలిన తూటా ఒకటి విప్పాడు. చూశాడు. చూసి, ఆదివారం చర్చిలో ఆమె పక్క బల్ల మీద కూర్చుని పాటలు పాడాడు. సోమవారం వచ్చి తాళంచెవి అడిగాడు.

ఆర్లిస్ కాగితం అంచులు పైకి మడిచింది. తరవాత ఉండను మళ్ళీ సుత్తి తలలోకి నొక్కి, మూత బిగించింది.

బుధవారం మధ్యాహ్నం వెండెల్ గడ్డి కోస్తున్న పొలానికి వెళ్ళింది. అతను ట్రాక్టర్ ఆపి దిగాడు. గాలికి ఆమె చెవుల మీద గుడ్డ రెపరెపలాడుతోంది.

"ఒక్కటే అడుగుతాను. శనివారం ఒక తూటా విప్పావా?"

 చేతి తొడుగులు తీసి తొడకేసి దులిపాడు. "వదినా, ఇప్పుడా మాట ఎందుకు?"

"విప్పావా లేదా?"

"విప్పాను." గొంతు తగ్గించాడు, మైలు దూరంలో మనిషి లేకపోయినా. "చూడు. రాష్ట్ర జట్టులోకి ఈసారి తీసుకుంటామన్నారు. మూడేళ్ళ నుంచి కాచుక్కూర్చున్నాను. సొంత తూటాలు సొంత చేత్తో పాడు చేసుకున్నాడని తెలిస్తే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. డొల్లల తప్పంటే ఎవరి మీదా పెద్దగా పడదు."

"నా మీద పడింది."

"నీకు పోయేదేముంది వదినా? నువ్వు కాల్చవుగా."

ఆ మాట అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.  తనకూ పోయేది ఉంటుందని అతనికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదని ఆర్లిస్‌కు అర్థమైంది.

"రేపు మీటింగులో నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే సగం పరువైనా మిగులుతుంది."

"అన్నయ్య అయితే నన్నిలా ఇరికించేవాడు కాదు."

"మీ అన్నయ్య అయితే సోమవారమే నీ చెంప పగలగొట్టేవాడు," అని వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం మిగిలిన డొల్లల పని ముగించింది. ఆఖర్న రెండొందల యాభై ఒక వైపు, యాభై ఒక వైపు పెట్టింది. ఆ యాభై ఆమె సొంతానికి తెప్పించుకున్నవి. ఎందుకు తెప్పించుకుందో అప్పుడు తనకే తెలియదు. కొత్త డొల్ల అన్ని తుపాకుల్లోనూ కాస్త వదులుగానే కూర్చుంటుంది. మొదటిసారి పేలినప్పుడు ఉబ్బి, ఆ తుపాకి లోపలి కొలతలు పట్టుకుంటుంది. ఆపైన అది ఆ తుపాకిదే. ఇన్నేళ్ళలో ఆమె చేతి మీదుగా వేల డొల్లలు వెళ్ళి ఎవరెవరి తుపాకులవో అయ్యాయి. గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టిన మిల్టన్ తుపాకి గుర్తొచ్చింది.

గురువారం అయిదింటికి క్లబ్బు హాల్లో పదకొండుమంది చేరారు. పెద్ద డబ్బాలో కాఫీ మరుగుతోంది. ఆర్లిస్ తాళంచెవి, సుత్తి పట్టుకుని వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. వెండెల్ రాసుకునే పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

గారల్డ్ గొంతు సవరించుకున్నాడు. "మిల్టన్ కుటుంబం ఇన్నేళ్ళు చేసిన సేవకు క్లబ్బు కృతజ్ఞతలు చెబుతోంది. తాళంచెవి ఇస్తావా అమ్మా?"

"ఇస్తాను. దానికన్నా ముందు క్లబ్బు పెట్టెను క్లబ్బు సభ్యుల ముందు విప్పండి. రూలు అదేనన్నారుగా. నేను ముట్టుకోను. మీరే విప్పండి."

ఎవరో నవ్వారు. గారల్డ్‌కు కాదనడానికి దారి దొరకలేదు. పెట్టె తెప్పించాడు. పేలని తూటా ఒకటి తీశాడు, క్యాపు మీద తుపాకి సూది దెబ్బకు పడిన గుంట కనిపిస్తోంది. ఆర్లిస్ సుత్తి అందించింది.

"దాంట్లో పెట్టే ముందు తల విప్పి ఒకసారి దులపండి. సోమవారం వెండెల్ తెచ్చి ఇచ్చినప్పటి నుంచి అందులో ఏదో ఉండిపోయింది."

వెండెల్ కలం ఆగింది. గారల్డ్ మూత విప్పి, సుత్తిని కాఫీ పళ్ళెం మీద తట్టాడు. ఎర్రటి ఉండ రాలి పడింది. ఆయన దాన్ని వేలితో కదిపాడు. ఏమీ అనకుండా తూటాను బిగించి దుంగకేసి మూడుసార్లు కొట్టాడు. గుండు ఊడింది. మందు పళ్ళెంలోకి వచ్చింది. తరవాత డొల్లను తలకిందులు చేసి సన్న పుల్లతో లోపల గుచ్చాడు. అదే ఎర్ర ఉండ, కాస్త పెద్దది. క్యాపు మంటకు ఒక పక్క నల్లగా మాడింది.

గారల్డ్ ఆ రెండు ఉండలనూ పక్కపక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. ఆ ఎర్ర రవ్వ సంచీ అమ్మింది ఆయనే. రెండు వారాల కిందట, ఎవరికి అమ్మాడో ఆయనకు గుర్తుంది. నెమ్మదిగా తల తిప్పి వెండెల్ వైపు చూశాడు. మిగతా తొమ్మిదిమందీ చూశారు.

"ఫోటో కోసం," అన్నాడు వెండెల్ పుస్తకంతో మాట్లాడుతున్నట్టు. "మెడలు మురికిగా ఉన్నాయని."

"మరి ఈ మొదటి ఉండ ఎక్కడిది?" అని వెనక బల్ల నుంచి ఒకాయన అడిగాడు.  వెండెల్ ముందే ఒకటి విప్పి చూశాడని అంతలో ఆయనకే అర్థమైంది.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి ఆర్లిస్‌కు క్షమాపణ చెప్పాలి. అంత కష్టమైన పనేం కాదు, ఒక్క వాక్యం. పదకొండుమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఆ వాక్యం నోట్లోంచి రాలేదు. గారల్డ్ పళ్ళెం పక్కకు జరిపి, చేతులు తుడుచుకున్నాడు. మొహం మీదికి ఆ మెత్తటి నవ్వు మళ్ళీ తెచ్చుకున్నాడు.

"పోనీలే, తేలిపోయింది. మంచిదే. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అమ్మా. వచ్చే నెల పోటీకి రెండొందల యాభై కావాలి, అవుతాయా?"

"అయిపోయాయి. గదిలో ఉన్నాయి." ఆర్లిస్ లేచి తాళంచెవిని పళ్ళెం పక్కన పెట్టింది. "అవే ఆఖరివి. ఇకమీద ఎవరివి వాళ్ళు గీక్కోండి. బరమా బల్ల సొరుగులో ఉంది. మూడు తిప్పులే తిప్పాలి."

"అదేంటమ్మా, కోపమా?"

"అవును," అంది ఆర్లిస్. "కోపమే. సభ్యత్వం కాగితం ఇవ్వండి."

గారల్డ్ అర్థం కానట్టు చూశాడు. ఆమె చెయ్యి చాచి నిలబడింది. కాగితాలుండేది కార్యదర్శి దగ్గర. వెండెల్ లేచి, సంచీలో వెతికి, ఒకటి తీసి, వదిన చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆమె అక్కడే నిలబడి అతని కలంతోనే నింపింది. పేరు అన్న చోట ఆర్లిస్ హౌగెన్ అని రాసింది. కుటుంబ యజమాని అన్న చోట ఒక గీత గీసింది.

శనివారం సాధన రోజు. గాలి పడమటి నుంచి తోస్తోంది. నాలుగో గట్టు మీద ఆర్లిస్ చాప పరుచుకుని బోర్లా పడుకుంది. మిల్టన్ తుపాకి భుజానికి బరువుగా తగిలింది. పొలంలోకి వచ్చే నక్కల్ని కాల్చడం వేరు, ఆరొందల గజాల అవతల కాగితాన్ని కాల్చడం వేరు. మొదటి గుండు బోర్డు అంచున పడింది. పక్క గట్టు మీద ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో వెండెల్ లేడు, ఆ రోజు రాలేదు.

ఆమె బోల్టు వెనక్కి లాగింది. డొల్ల ఎగిరి గడ్డిలో పడి, వెనక నిలబడి చూస్తున్న గారల్డ్ బూటు దగ్గరకు దొర్లింది. ఆయన వంగి తీసి, ఎప్పుడూ చేసినట్టే, క్లబ్బు రేకు డబ్బాలో పడేశాడు. ఎవరు కాల్చినా కిందపడిన డొల్లలన్నీ ఆ డబ్బాలోకే వెళతాయి. అక్కడి నుంచి గోదాము గదికి, ఆర్లిస్ బల్ల మీదికి. ఇన్నేళ్ళూ అంతే.

"అది నాదండీ గారల్డ్ గారూ," అంది ఆమె తుపాకి దించకుండానే.

"ఆఁ?"

"ఇప్పుడది ఈ తుపాకి డొల్ల. డబ్బాలోంచి తియ్యండి."

ఆయన డబ్బాలోకి చూశాడు. నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి, అన్నీ తోమి తోమి ఒకేలా మెరిసేవి. మోకాలు నొప్పితో మూలుగుతూ కింద కూర్చుని చేత్తో కెలకడం మొదలుపెట్టాడు.

"ఇందులో ఎలా కనిపెట్టమంటావమ్మా?"

"మెడ మీద మచ్చ ఉంటుంది. నీలిది."

కాసేపు పట్టింది. ఆర్లిస్ రెండో తూటా ఎక్కించకుండా, చెయ్యి వెనక్కి చాచి ఆగింది. చివరికి ఆయన ఒకటి పైకి తీసి, ఎండలో తిప్పి చూసి, వచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. అది ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.